నత్త గుల్ల తెల్లబడుతోందా? అక్వేరియం నత్తలు, కాల్షియం: తరచుగా అడిగే ప్రశ్నలు

షాపులో నత్తను కొనేటప్పుడు నీళ్ల గురించి ఎవరూ అడగరు. "పాచి తింటుంది సార్, దానికేం చూడక్కర్లేదు" అని కవర్లో వేసి ఇచ్చేస్తారు. రెండు మూడు నెలలయ్యాక గుల్ల కొన తెల్లబడుతుంది, అంచు చిట్లుతుంది, అప్పుడు మొదలవుతుంది టెన్షన్. అప్పుడు అడిగే ప్రశ్నలివి. ఎక్కువగా మిస్టరీ స్నేల్ అని అమ్మే ఆపిల్ నత్తను దృష్టిలో పెట్టుకుని రాశాను. నెరైట్, రామ్స్‌హార్న్, ట్రంపెట్ నత్తలకూ చాలావరకు ఇవే వర్తిస్తాయి.

అసలు గుల్ల దేనితో తయారవుతుంది?

దాదాపు మొత్తం కాల్షియం కార్బనేటే. సున్నపురాయి, పాలరాయి, కోడిగుడ్డు పెంకు, ముత్యం అన్నిటిలోనూ ఉండేది ఆ పదార్థమే. మన ఊళ్లలో ఒకప్పుడు నత్తగుల్లల్ని, ఆల్చిప్పల్ని బట్టీలో కాల్చి గుల్లసున్నం తీసేవాళ్లంటే కారణం ఇదే. ఆ కార్బనేట్ పొరల మధ్య కొంచెం ప్రోటీన్ ఉంటుంది. అన్నిటికంటే పైన వార్నిష్ పూసినట్టు పల్చటి ప్రోటీన్ పొర ఒకటి ఉంటుంది. ఈ పై పొరను చిన్నచూపు చూడొద్దు. కింద ఉన్న కార్బనేట్‌కు నీళ్లు తగలకుండా కాపాడేది అదే. అది ఎక్కడ గీసుకుపోతే అక్కడ గుల్ల కరగడం మొదలవుతుంది.

గుల్లను కట్టేది నత్త శరీరాన్ని కప్పి ఉండే మెత్తటి చర్మం. అది గుల్ల నోటి అంచు దగ్గర కొత్త పొరలు వేస్తూ పోతుంది. అందుకే గుల్ల ఎప్పుడూ అంచు వైపే పెరుగుతుంది. కావలసిన కాల్షియాన్ని నత్త రెండు దారుల్లో తీసుకుంటుంది: నీళ్లలోంచి నేరుగా శరీరం ద్వారా, తిండిలోంచి పొట్ట ద్వారా.

తెల్లబడిన చోట మళ్లీ రంగు వస్తుందా?

రాదు. కొన దగ్గర ఉన్నది నత్త చిన్నపిల్లగా ఉన్నప్పుడు కట్టుకున్న భాగం. బయటి నుంచి దానికి మరమ్మతు చేసే ఏర్పాటు నత్తకు లేదు. లోపలి నుంచి మాత్రం ఇంకో పొర వేసి మందం చేసుకోగలదు. కాబట్టి ఎంత కాల్షియం వేసినా పాత మచ్చ అలాగే ఉంటుంది. దాన్ని చూసి "ఏం వేసినా పనిచేయట్లేదు" అనుకుని ఇంకా ఇంకా వేస్తుంటారు చాలామంది.

చూడాల్సింది కొత్త అంచును. నెలకోసారి నత్త పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. కొత్తగా వచ్చిన భాగం నునుపుగా, రంగు నిండుగా ఉంటే మీ నీళ్లు ఇప్పుడు బాగున్నట్టే.

కాల్షియం లోపమేనని ఎలా గుర్తుపట్టాలి?

గుల్ల మీద కనిపించే ప్రతి తేడా లోపం కాదు. కొన దగ్గర తెల్లగా సుద్దలా మారి, గుంటలు పడితే అది కరుగుతోందని అర్థం. అంటే నీళ్లు ఆమ్లంగా ఉన్నాయి. కొత్త అంచు కాగితంలా పల్చగా ఉండి, వెలుతురు అందులోంచి కనపడుతూ, ముట్టుకుంటే విరుగుతుంటే అది కట్టుకోవడానికి సరుకు లేకపోవడం. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. రెండూ ఒకేసారి ఉండొచ్చు కూడా.

నత్తలు ఒకదాని గుల్ల మీద ఒకటి ఎక్కి గీకుతూ కనిపిస్తే అనుమానించండి. పాచి కోసం కూడా ఎక్కుతాయి, కానీ పాచి లేని గుల్లను గంటల తరబడి గీకుతుంటే అది కాల్షియం కోసమే.

ఇక కంగారు పడక్కర్లేనివి: వేగంగా పెరిగే నత్తకు చివరి ఒకటి రెండు మిల్లీమీటర్లు మెత్తగా ఉండటం మామూలే. పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య ఒక గీత, రంగులో తేడా వచ్చిందంటే షాపు నీళ్ల నుంచి మీ నీళ్లకు మారిన రోజు అక్కడ నమోదైందన్నమాట. నెరైట్లను చాలావరకు సముద్రతీరాల దగ్గర ప్రకృతిలోంచి పట్టి తెస్తారు, అవి కొన అరిగిపోయే వస్తాయి.

నీళ్లలో ఎంత ఉండాలి?

పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం) 7.2 నుంచి 8 మధ్య. జీహెచ్ 8 డిగ్రీలు, అంతకు పైన. కేహెచ్ కనీసం 4 డిగ్రీలు.

జీహెచ్ అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపిన లెక్క. ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌తో సమానం, అందులో కాల్షియం వరకే చూస్తే దాదాపు 7 మిల్లీగ్రాములు. కేహెచ్ అంటే నీళ్లలో ఆమ్లాన్ని మింగేసే కార్బనేట్ల నిల్వ. అది ఉన్నంతకాలం పీహెచ్ అంత తేలిగ్గా పడిపోదు.

నన్నడిగితే ఈ మూడింటిలో మొదట చూడాల్సింది కేహెచ్. ఎందుకంటే గుల్ల విషయంలో వేసేదానికంటే కరగకుండా చూడటం ముందు. జీహెచ్ 15 ఉన్నా పీహెచ్ 6.5 దగ్గర ఉంటే నత్త ఒక వైపు కడుతుంటే ఇంకో వైపు కరుగుతూనే ఉంటుంది. చిల్లుపడ్డ కుండలో నీళ్లు పోసినట్టు. కొలవడానికి చుక్కల కిట్ కొనండి. రంగు మారే కాగితం పట్టీలు అంత నమ్మకంగా ఉండవు.

మా టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటర్ 500 చూపిస్తోంది. అంటే కాల్షియం బోలెడు ఉన్నట్టేగా?

సరిగ్గా ఇక్కడే నేను దెబ్బతిన్నాను. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లోకి మారినప్పుడు బోరు నీళ్లే కదా అని మీటర్ పెట్టి చూస్తే 600 చూపించింది. నత్తలకు పండగే అనుకున్నా. మూడు నెలల్లో ఆరు మిస్టరీ నత్తల అంచులు బిస్కెట్ ముక్కల్లా విరగడం మొదలైంది. చుక్కల కిట్ తెప్పించి చూస్తే జీహెచ్ 2 కూడా లేదు. అప్పుడు వాచ్‌మన్‌ని అడిగితే తెలిసింది, పైన ట్యాంకుకు ఎక్కే ముందు నీళ్లు సాఫ్ట్‌నర్ ప్లాంట్‌లోంచి వస్తాయని.

సాఫ్ట్‌నర్ చేసే పని నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని వాటి బదులు సోడియం వదలడం. గీజర్‌కు మంచిదే, నత్తకు కాదు. టీడీఎస్ మీటర్‌కు నీళ్లలో కరిగిన లవణాలు ఉన్నాయనే తెలుసు, అవి ఏవో తెలియదు. కాల్షియం పోయి సోడియం వచ్చినా అంకె దాదాపు అంతే ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ ఉంటే దానికి ముందున్న కుళాయి ఏదైనా ఉందేమో మెయింటెనెన్స్ వాళ్లను అడగండి. మా దగ్గర మొక్కలకు పోసే కుళాయి అలాంటిదే. ఇప్పటికీ బకెట్ పట్టుకుని కిందికే వెళ్తున్నా.

బోరు నీళ్లా, మునిసిపాలిటీ నీళ్లా, ఆర్వో నీళ్లా?

బకెట్ లోపల, కుళాయి మూతి దగ్గర తెల్లటి గట్టి పూత కడుతుంటే ఆ నీళ్లు నత్తలకు పనికొస్తాయి. ఆ పూతలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటే. నది నుంచి వచ్చే మునిసిపాలిటీ నీళ్లు సాధారణంగా బోరు నీళ్లకంటే మెత్తగా ఉంటాయి. కొలుచుకుని, క్లోరిన్ తీసేసి వాడుకోవచ్చు. ఆర్వో నీళ్లలో, వాన నీళ్లలో కాల్షియం లేనట్టే లెక్క. వాటిని ఒట్టిగా వాడొద్దు, బోరు నీళ్లతో కలపండి.

బోరు నీళ్ల విషయంలో ఒక సంగతి. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. వెంటనే పీహెచ్ చూస్తే తక్కువ చూపిస్తుంది. ఒక రాత్రి ఎయిర్ పంపు పెట్టి ఉంచి, పొద్దున చూడండి. అప్పుడు వచ్చేదే అసలు అంకె.

మొదట్లో పీహెచ్ 7.8 ఉండేది. ఏడాది తిరిగేసరికి 6.6 అయింది. ఏం జరిగింది?

మీరేమీ వేయకపోయినా ట్యాంకు తనంతట తాను ఆమ్లంగా మారుతుంది. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ పనిలో ఆమ్లం పుడుతుంది, అది కేహెచ్‌ను తింటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు దాదాపు 7 మిల్లీగ్రాముల కార్బనేట్ నిల్వ ఖర్చవుతుంది. తిండి ఎక్కువ వేసి, నీళ్లు తక్కువ మార్చే ట్యాంకుల్లో ఈ నిల్వ తెలియకుండానే అయిపోతుంది.

దీనికి తోడు మొద్దులు, బాదం ఆకులు, మొక్కల కోసం వేసే అక్వాసాయిల్ మట్టి, సిలిండర్‌తో ఇచ్చే కార్బన్ డయాక్సైడ్, ఇవన్నీ పీహెచ్‌ను కిందికి లాగేవే. బెట్టా చేప కోసం బాదం ఆకు వేసిన ట్యాంకులో నత్తను కూడా పెడుతుంటారు. ఇద్దరికీ ఒకే ఇల్లు కుదరదు. బెట్టా నత్త మీసాలు కూడా కొరుకుతుంది, అది వేరే గొడవ.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వారానికి నాలుగో వంతు నీళ్లు మార్చడం, తిండి తగ్గించడం, ఫిల్టర్‌లో కొంచెం కోరల్ ముక్కలు (పగడపు ముక్కలు, ఇవీ కాల్షియం కార్బనేటే) పెట్టడం.

కటిల్‌బోన్ ఎలా వాడాలి?

లవ్ బర్డ్స్ పంజరంలో కట్టే తెల్లటి ముక్కే కటిల్‌బోన్. మూలికల దుకాణంలో సముద్రపు నురుగు అని అడిగితే దొరికేదీ ఇదే. రంగు, రుచి కలిపినవి కొనొద్దు. శుభ్రంగా కడిగి, మరుగుతున్న నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఒక ముక్క ట్యాంకులో వేయండి. ఒకటి రెండు రోజులు తేలుతుంది, తర్వాత మునుగుతుంది. తొందరగా ఉంటే రాయికి కట్టేయండి.

40, 50 లీటర్ల ట్యాంకుకు అరచేతిలో సగమంత ముక్క చాలు. నత్తలు వచ్చి గీక్కుని తింటాయి. దీని అసలు ఉపయోగం అదే. నీళ్లలో కరిగి జీహెచ్ పెంచుతుందని మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పీహెచ్ 8 దగ్గర ఉన్న నీళ్లలో కాల్షియం కార్బనేట్ కరగడం దాదాపు ఆగిపోతుంది.

గుడ్డు పెంకులు వేయొచ్చా?

వేయొచ్చు, పైసా ఖర్చు లేదు. లోపలి పల్చటి పొరను తీసేయాలి, లేకపోతే నీళ్లు కుళ్లి వాసనొస్తాయి. పెంకుల్ని పది నిమిషాలు ఉడికించి, పొర ఒలిచి, ఎండలో బాగా ఎండబెట్టి మిక్సీ పట్టండి. మెత్తటి పొడిని తిండిలో కలపొచ్చు. ముక్కల్ని పల్చటి గుడ్డలో మూట కట్టి, ఫిల్టర్ నీళ్లు తగిలే చోట పెట్టండి. నేరుగా అడుగున చల్లితే నెలల తరబడి అలాగే పడుంటాయి, చూడటానికి చెత్తబుట్టలా ఉంటుంది.

తాంబూలం సున్నం, ముగ్గు పిండి, సుద్దముక్కలు కూడా కాల్షియమేగా?

తాంబూలం సున్నం వద్దే వద్దు. అది కాల్షియం కార్బనేట్ కాదు, కాల్షియం హైడ్రాక్సైడ్. తేటపడిన సున్నపు నీళ్ల పీహెచ్ 12 దాటుతుంది. చిన్న ట్యాంకులో కొంచెం పడినా చేపలకు, నత్తలకు ప్రాణం మీదికి రావొచ్చు.

భీమవరం వైపు వాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు: "మా రొయ్యల చెరువుల్లో బస్తాలకు బస్తాలు సున్నం చల్లుతాం, ఏం కాలేదే?" నిజమే. కానీ అక్కడ చెరువు ఎకరాల్లో ఉంటుంది, నీళ్లు పరీక్ష చేయించి, ఏ రకం సున్నం ఎంత అనేది లెక్కగట్టి చల్లుతారు. రొయ్యలున్నప్పుడు ఎక్కువగా చల్లేది వ్యవసాయ సున్నం, డోలమైట్ లాంటి కార్బనేట్ రకాలే. ఇంట్లో 30 లీటర్ల గాజు పెట్టెకు ఆ పోలిక కుదరదు.

ముగ్గు పిండిలో, బడి సుద్దముక్కల్లో ఏమేం కలిపారో ప్యాకెట్ మీద ఉండదు. పది రూపాయలు మిగులుతాయని ఆ ప్రయోగం దేనికి?

రాళ్లతో కాల్షియం వస్తుందా?

సున్నపురాయి అయితే వస్తుంది, నెమ్మదిగా. తెలుసుకోవడం సులువు. రాయి మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే కార్బనేట్ ఉన్నట్టు. తాండూరు నాపరాయి, కడప రాయి సున్నపురాయి జాతివే కాబట్టి నురగ వస్తుంది. పాలరాయి ముక్కలకూ వస్తుంది. గ్రానైట్‌కు రాదు. పాలిష్ చేయని ముక్కల్నే వాడండి, బాగా తోమి కడిగి వేయండి. అంచులు పదునుగా ఉంటే నత్త మీదెక్కి పడ్డప్పుడు గుల్లకే దెబ్బ.

జీహెచ్ త్వరగా పెంచాలంటే?

కార్బనేట్లు నెమ్మది. వేగం కావాలంటే కరిగే లవణాలే దిక్కు. 100 లీటర్ల నీళ్లలో జీహెచ్ ఒక డిగ్రీ పెరగాలంటే దాదాపు 3 గ్రాముల జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, కావాలి. లేదా రెండు నీటి అణువులున్న కాల్షియం క్లోరైడ్ అయితే 2.6 గ్రాములు. తినడానికి పనికొచ్చే నాణ్యత ఉన్నదే కొనండి. బకెట్ నీళ్లలో కరిగించి పోయండి, రోజుకు ఒకటి రెండు డిగ్రీలకు మించి పెంచొద్దు. ఇవి కేహెచ్‌ను పెంచవు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఎప్సమ్ సాల్ట్ వేస్తే జీహెచ్ అంకె పెరుగుతుంది, కానీ అది మెగ్నీషియం. కిట్‌కు ఆ తేడా తెలియదు, నత్తకు తెలుస్తుంది. వంటసోడా వేస్తే కేహెచ్ పెరుగుతుంది, కాల్షియం చుక్క కూడా పెరగదు. దేన్ని పెంచుతున్నారో తెలుసుకుని వేయండి.

ఏం తినిపించాలి?

అందరూ పాలకూరే పెడతారు. అందులో కాల్షియం ఉంది గానీ, ఆక్సలేట్లు దాన్ని పట్టుకుని వదలవు, ఒంటికి అందేది తక్కువ. తోటకూర, గోంగూర కూడా ఆ బాపతే. వాటికంటే మునగాకు ఎంతో మేలు. క్యాబేజీ, బీన్స్, బీరకాయ, కీరా కూడా ఇష్టంగా తింటాయి. ఏదైనా మందుల వాసన పోయేలా కడిగి, మెత్తబడే దాకా ఉడికించి వేయండి. పన్నెండు గంటల్లో మిగిలింది తీసేయాలి.

నేను వారానికి రెండుసార్లు పెట్టేది ఇది: గుప్పెడు మునగాకు ఉడికించి రుబ్బి, అందులో చెంచా రాగి పిండి, చెంచా గుడ్డు పెంకుల మెత్తటి పొడి, కాస్త చేపల మేత కలిపి, చైనా గ్రాస్ వేసి ఉడికించి, పళ్లెంలో పోసి గడ్డకట్టాక చిన్న ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టడం. రాగుల్లో 100 గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. చేపల మేత ఎందుకంటే గుల్లకు ప్రోటీన్ కూడా కావాలి. ఆకులు మాత్రమే తినే మిస్టరీ నత్తలకు పెరుగుదల మందగిస్తుంది. వాసన భరించడం మా ఇంట్లో వాళ్లకు కష్టమే.

రాగులు సరే, మరి రాగి?

రాగులు బలం, రాగి విషం. చేపల తెల్లమచ్చల జబ్బుకు వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. మైలుతుత్తం కూడా రాగి లవణమే, దాన్ని నత్తల్ని చంపడానికే వాడతారు. మందు సీసా మీద రాగి, కాపర్ అన్న మాట కనపడితే నత్తల్ని ముందే వేరే తొట్టిలోకి మార్చండి. రాగి బిందెలో నిల్వ ఉంచిన నీళ్లు మీరు తాగండి, నత్తకు పోయకండి.

కింద పడి గుల్ల పగిలింది. బతుకుతుందా?

చిన్న బీట అయితే నత్తే లోపలి నుంచి పూడ్చుకుంటుంది. వేరే చేపలు కొరకకుండా విడిగా పెట్టి, కాల్షియం అందేలా చూడండి. పెచ్చు ఊడి లోపలి ఒళ్లు కనపడుతుంటే, ఆ చోట గుల్లను గుడ్డతో ఆరబెట్టి, గుడ్డు లోపలి పొర ముక్క పరిచి, అంచుల చుట్టూ మాత్రమే జెల్ రకం సూపర్ గ్లూ రాసి అతికించొచ్చు. జిగురు ఒంటికి తగలకూడదు. కొన దగ్గర పగిలితే ఆశ తక్కువ. అక్కడే లోపలి అవయవాలు ఉంటాయి.

కాల్షియం ఎక్కువైతే నష్టమా?

కటిల్‌బోన్, కోరల్, గుడ్డు పెంకులతో అతిగా పెరగదు. పీహెచ్ పెరిగేకొద్దీ కరగడం అదే ఆగుతుంది. క్లోరైడ్, జిప్సం అలా ఆగవు, వేసినంతా కరుగుతాయి. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలకు నత్తలకు నచ్చే నీళ్లే నచ్చుతాయి. కార్డినల్ టెట్రా, డిస్కస్‌లకు మెత్తటి నీళ్లు కావాలి, వాటితో నత్తల్ని కలపకపోవడమే మంచిది.

ఎండాకాలంలో గుల్ల పల్చబడుతోంది. ఎందుకు?

నీళ్లు వేడెక్కితే నత్త ఎక్కువ తింటుంది, వేగంగా పెరుగుతుంది. గుల్ల పొడవు పెరిగినంత వేగంగా మందం పెరగదు. 30 డిగ్రీలు దాటకుండా ఫ్యాన్ పెట్టండి. మేలో విజయవాడలో ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పినంత తేలిక కాదని తెలుసు.

గుడ్లు పెట్టాక ఆడనత్త గుల్ల పాడైంది. సంబంధం ఉందా?

ఉంది. మిస్టరీ నత్త నీటిమట్టానికి పైన, గాజుకు అతికించి పెట్టే గుత్తిలో ప్రతి గుడ్డుకూ కాల్షియం పెంకు ఉంటుంది. వరసగా గుత్తులు పెట్టే ఆడనత్తకు కాల్షియం ఖర్చు ఎక్కువ. ఆ రోజుల్లో కటిల్‌బోన్ తప్పకుండా ఉండాలి. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక మొదటి నెల మెత్తటి పొడి రూపంలో కాల్షియం దొరికితే గుల్లలు గట్టిగా మొదలవుతాయి.

పిల్లలు వందల్లో ఉంటాయి. ఎక్కువయ్యాయని చెరువులో, కాలువలో వదలకండి. ఆపిల్ నత్తల్లో కొన్ని జాతులు వరిపొలాల్ని ఎలా తినేస్తాయో ఆసియా రైతులకు బాగా తెలుసు. వద్దనుకున్న గుడ్ల గుత్తిని పొదగకముందే తీసి ఫ్రీజర్లో పెట్టడమే మార్గం.

చనిపోయిన నత్త గుల్లను ట్యాంకులోనే ఉంచొచ్చా?

ముందు నిజంగా చనిపోయిందో లేదో చూడండి. బయటికి తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది, ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. లోపలిదంతా తీసి, ఉడికించి కడిగిన ఖాళీ గుల్లను మళ్లీ వేయొచ్చు. మిగతా నత్తలు దాన్ని గీక్కుని తింటాయి. మా ట్యాంకులో, సాఫ్ట్‌నర్ నీళ్లతో దెబ్బతిన్న ఆ ఆరు నత్తల్లో పోయిన రెండింటి గుల్లలు ఆర్నెల్లు ఉన్నాయి. ఇప్పుడు అడుగున చిన్న తెల్ల చుట్ట ఒకటే మిగిలింది.